పఫ్ కొట్టగానే తగ్గింది... తర్వాత?

ఆయాసం తగ్గించే ఇన్హేలర్ పనిచేస్తోందో లేదో తేల్చడం సులువే. పేషెంట్ చేత స్పైరోమీటర్‌లోకి బలంగా ఊదించి, మొదటి సెకనులో ఎంత గాలి వదిలారో చూస్తారు. మందు పీల్పించి పావుగంటాగి మళ్లీ ఊదిస్తారు. 12 శాతం, 200 మిల్లీలీటర్లు పెరిగితే గుణం కనిపించినట్టే. ఊపిరాడని మనిషికి ఆ పావుగంటే ప్రాణం. కానీ ఆ తర్వాతి గంటల్లో, నెలల్లో ఏం జరుగుతుందో చాలాకాలం సరిగా చూడలేదు.

1956లో అమెరికాలో రైకర్ ల్యాబొరేటరీస్ జేబులో పట్టే ఇన్హేలర్ తెచ్చింది. అందులోని ఐసోప్రెనలిన్ శ్వాసనాళాలను వదులు చేస్తుంది, గుండెనూ పరుగెత్తిస్తుంది. 1960లలో బ్రిటన్‌లో ఆస్తమా మరణాలు పెరిగాయి, 10-14 ఏళ్ల పిల్లల్లో మరీ ఎక్కువగా. అనుమానం ఎక్కువ మోతాదు ఐసోప్రెనలిన్ మీద పడింది. 1967లో డాక్టర్లను హెచ్చరించారు, మరుసటేడు చీటీ లేకుండా అమ్మకూడదన్నారు. మరణాలు తగ్గాయి.

ఈలోగా ఇంగ్లండ్‌లోని వేర్‌లో డేవిడ్ జాక్ బృందం సాల్బుటమాల్ తయారుచేసింది. గుండె జోలికి తక్కువగా వెళ్లే ఈ మందు 1969లో మార్కెట్లోకి వచ్చింది. మన ఇళ్లలో ఆస్తాలిన్ అంటున్నది ఇదే. న్యూజిలాండ్‌లో మాత్రం 1976లో ఫెనోటెరాల్ అనే ఇదే తరహా ఇన్హేలర్ మందు వచ్చాక మళ్లీ మరణాలు పెరిగాయి. ఆ రెంటికీ సంబంధం ఉందని 1989లో అధ్యయనం బయటపెట్టింది.

అలర్జీ ఆస్తమాలో ఇంకో చిక్కుంది. పుప్పొడో, ఇంటి దుమ్ములోని పురుగుల రజనో పీలిస్తే పది, ఇరవై నిమిషాల్లో ఛాతీ పట్టేసి పిల్లికూతలు మొదలవుతాయి. గంటా రెండు గంటల్లో సర్దుకుంటుంది. హమ్మయ్య అనుకునేలోపు, మూడు నుంచి ఎనిమిది గంటల మధ్య, చాలామందికి మళ్లీ పట్టేస్తుంది. మొదటిది కండరం బిగుసుకోవడం. రెండోది నాళాల లోపలి వాపు. ల్యాబ్‌లో అలర్జీ పదార్థాన్ని కొద్దికొద్దిగా పీల్పించి చూస్తే, ముందుగా తీసుకున్న సాల్బుటమాల్ మొదటిదాన్ని ఆపింది, రెండోదాన్ని ఆపలేకపోయింది.

1993లో కెనడాలోని సస్కటూన్‌లో డొనాల్డ్ కాక్‌క్రాఫ్ట్ బృందం మరో అడుగు వేసింది. రెండు వారాలు రోజుకు నాలుగుసార్లు సాల్బుటమాల్ ఇచ్చి పరీక్షిస్తే, మందు లేని ఉత్తుత్తి ఇన్హేలర్ ఇచ్చినప్పటికన్నా తక్కువ అలర్జీ పదార్థానికే మొదటి సెకనులో వదిలే గాలి 20 శాతం పడిపోయింది. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో కీలకమైన పరీక్ష ఇదే. పావుగంట పరీక్షలో ఇది ఎప్పటికీ బయటపడేది కాదు.

అయినా, ఈ మందొక్కదానితోనే నెట్టుకురావద్దని అంతర్జాతీయ ఆస్తమా మార్గదర్శకాలు చెప్పడానికి 2019 దాకా పట్టింది. వాపు తగ్గించే స్టెరాయిడ్ ఇన్హేలర్ తోడుండాలన్నాయి. మన దగ్గరేమో స్టెరాయిడ్ అంటే భయం, 'అలవాటైపోతుంది' అన్న టెన్షన్. ఆయాసం వచ్చినప్పుడు పఫ్ తీసుకోవాల్సిందే, అందులో వెనకాడొద్దు. అయితే ఏడాదికి మూడు డబ్బాలు అయిపోతున్నాయంటే లోపలి వాపుకు మందు పడట్లేదని అనుమానించి డాక్టర్ని కలవాలి.