నాంపల్లి స్టేషన్‌కి ‘దక్కన్’ అన్న తోక ఎందుకు?

రైలు టికెట్ బుక్ చేసేటప్పుడు హైదరాబాద్ అని కొట్టి చూడండి. సికింద్రాబాద్, కాచిగూడ వాటి పేర్లతోనే వస్తాయి. నాంపల్లి మాత్రం ‘హైదరాబాద్ డెకన్’ అని వస్తుంది, పైగా ఇంగ్లిష్ స్పెల్లింగులో ఒక ‘సి’ తక్కువ, కోడ్ హెచ్‌వైబీ. ఊళ్లో ఆ పేరుతో పిలిచేవాళ్లెవరూ లేరు, ఆటో అతన్ని ‘దక్కన్ స్టేషన్‌కి వస్తావా’ అనడిగితే ఓసారి ఎగాదిగా చూసి ‘నాంపల్లేనా’ అంటాడు. మరి ఆ తోక ఎవరి కోసం అంటే, ఇంకో హైదరాబాద్ ఉంది కాబట్టి. సింధ్‌లో, సింధు నది ఒడ్డున, ఇప్పుడు పాకిస్తాన్‌లో. దేశ విభజన దాకా ఆ రెండు ఊళ్లూ ఒకే రైల్వే టైంటేబుల్లో ఉండేవి.

రెండో హైదరాబాద్ ఉందని చాలామందికి తెలుసు. కానీ తెలిసినవాళ్లలో సగం మంది అది మన ఊరిని చూసి పెట్టుకున్న పేరనుకుంటారు, లేదా 1948 తర్వాత ఇక్కణ్ణుంచి వెళ్లినవాళ్లు పెట్టిన పేరనుకుంటారు. రెండూ తప్పే. ఈ రెండు ఊళ్లలో ఏదీ రెండోదాని పేరు తీసుకోలేదు. ఇద్దరు పాలకులు, 177 ఏళ్ల తేడాతో, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా, ఒకే మనిషి పేరు పెట్టారు. ఆ మనిషి మహమ్మద్ ప్రవక్త అల్లుడు హజ్రత్ అలీ, ఆయన బిరుదు హైదర్. అలీ మీద భక్తి ఉన్నచోటల్లా ఈ పేరు తగులుతూనే ఉంటుంది. ఉత్తరప్రదేశ్ బారాబంకీ జిల్లాలో హైదర్‌గఢ్ అనే ఊరుంది, మైసూరు ఏలిన హైదర్ అలీ పేరులో అయితే బిరుదూ పేరూ రెండూ ఉన్నాయి.

మనది ముందు. గోల్కొండ కోట లోపల జనం కిక్కిరిసిపోయి, నీళ్లకు ఇబ్బందై, మహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో మూసీ అవతల కొత్త నగరం మొదలుపెట్టాడు. హిజ్రీ లెక్కలో అది సరిగ్గా వెయ్యో ఏడు దగ్గర పడుతుంది. చార్మినార్ మధ్యలో పెట్టి నాలుగు దిక్కులా వీధులు వేసిన ఆ ప్లాను ఇరాన్ నుంచి వచ్చిన మంత్రి మీర్ మోమిన్‌దని చెబుతారు. ఇక భాగమతి కథ సంగతి. అలాంటి మనిషి ఉందా లేదా అని చరిత్రకారులు ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు గానీ, ‘భాగ్‌నగర్’ అన్న పేరు మాత్రం గాల్లోంచి పుట్టలేదు. ఆ కాలపు చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు, తర్వాత వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే కూడా ‘బాగ్‌నగర్’ అనే రాసుకున్నాడు. కొన్నాళ్లు రెండు పేర్లూ నడిచాయి, నాణేల మీదా దస్తావేజుల్లోనూ నిలిచింది హైదరాబాద్.

2020 గ్రేటర్ ఎన్నికల ప్రచారంలో ఊరి పేరు భాగ్యనగర్‌గా మార్చాలన్న డిమాండ్ గట్టిగా వినిపించింది కదా. మార్చడం మార్చకపోవడం రాజకీయ నాయకుల ఇష్టం. కాకపోతే ఆ పని జరిగితే హైదరాబాద్ అన్న పేరు పాకిస్తాన్ ఊరికి ఏకఛత్రాధిపత్యంగా దఖలుపడుతుందన్న సంగతి ఆ సభల్లో ఎవరైనా గుర్తు చేసి ఉంటే బావుండేది. హైదరాబాదీ బిర్యానీ అంటే ఏ హైదరాబాద్ అని అప్పుడు వివరణ ఇచ్చుకోవాల్సింది మనమే.

సింధ్ ఊరికీ పాత పేరుంది, నేరున్ కోట్. ఎనిమిదో శతాబ్దంలో అరబ్బులు సింధ్ మీదికి వచ్చినప్పటి రాతల్లోనే ఆ పేరు కనిపిస్తుంది. ఆ తర్వాత వెయ్యేళ్లకు, కల్హోరా వంశపు పాలకుడు మియా గులాం షా కల్హోరో 1768లో అక్కడే గుట్ట మీద ఇటుకల కోట కట్టించి, ఊరిని రాజధాని చేసి హైదరాబాద్ అన్నాడు. కొత్త రాజధాని ఎందుకు కావలసివచ్చిందంటే సింధు నది వల్ల. ఆ నది దారి మార్చుకోవడంలో ఘనాపాఠి, పాత రాజధాని ఖుదాబాద్‌ని దెబ్బతీసింది. అందుకే ఈసారి నదికి దగ్గరగా, కానీ వరద అందనంత ఎత్తులో గంజో టక్కర్ అనే గుట్టల వరస చూసుకుని కట్టుకున్నారు. ఆ ఇటుక కోటను ఇప్పటికీ పక్కా ఖిలా అంటారు. కోట దగ్గర మొదలై నవల్‌రాయ్ గడియార స్తంభం దాకా సాగే సన్నటి షాహీ బజార్ ఆ ఊరికి వెన్నెముక. పాత ఫొటోల్లో ఆ ఊరి మిద్దెల మీద అన్నీ ఒకే వైపు తిరిగి నిలబడ్డ గాలి గూళ్లు వరసగా కనిపిస్తాయి, సముద్రం వైపు నుంచి వచ్చే గాలిని పట్టి కింది గదుల్లోకి దింపడానికి. కరెంటు ఫ్యాన్లు వచ్చాక అవి పోయాయి.

అక్కడ కోట లేచే సమయానికి ఇక్కడ నిజాం అలీఖాన్ రాజధానిని ఔరంగాబాద్ నుంచి హైదరాబాద్‌కి మార్చి ఎన్నో ఏళ్లు కాలేదు. అంటే 1760ల్లో రెండు హైదరాబాద్‌లూ కాస్త అటూ ఇటూగా ఒకేసారి రాజధానులయ్యాయి. అప్పట్లో దీనివల్ల ఎవరికీ ఇబ్బంది లేదు, ఇద్దరి మధ్య వారాల తరబడి ప్రయాణం, రెండు వేరు రాజ్యాలు. చిక్కంతా ఇంగ్లిష్ వాళ్లు రెండు చోట్లా దిగాక వచ్చింది.

ఇక్కడ నిజాంతో వాళ్లు ఒప్పందాలతో పని కానిచ్చారు. అక్కడ కల్హోరాలను దింపేసి 1783 నుంచి ఏలుతున్న తాల్పూర్ మీర్‌లతో మాత్రం యుద్ధానికి దిగారు. 1843 ఫిబ్రవరి 17న మియానీ దగ్గర, మళ్లీ మార్చి 24న దబ్బో దగ్గర చార్లెస్ నేపియర్ సైన్యం గెలిచింది, సింధ్ మొత్తం కంపెనీ చేతికి వెళ్లింది. నేపియర్ రాజధానిని కరాచీకి తీసుకుపోయాడు. హైదరాబాద్ పెద్దరికం పోయింది, దర్బారును నమ్ముకున్న వ్యాపారులు బజారున పడ్డారు. ఆ వ్యాపారులు ఊరుకోలేదు లెండి. సింధీ చేతిపనుల సరుకు మోసుకుని ముందు బొంబాయి, ఆ తర్వాత కైరో, జిబ్రాల్టర్, మనీలా, జపాన్ దాకా వెళ్లి దుకాణాలు పెట్టారు. వాళ్లనే సింధ్‌వర్కీలు అన్నారు. ఇవాళ ప్రపంచంలో ఏ మూల రేవుపట్నంలో సింధీ దుకాణం కనబడ్డా మూలం వెతుక్కుంటూ పోతే ఈ రెండో హైదరాబాద్‌కి చేరే అవకాశం ఎక్కువ.

తర్వాత రైళ్లు వచ్చాయి. కరాచీ నుంచి కోట్రీకి 1861లో లైను పడింది, కోట్రీ అంటే నదికి ఇవతల, హైదరాబాద్‌కి ఎదురుగట్టు. మన వైపు వాడీ నుంచి సికింద్రాబాద్‌కి 1874లో. నాంపల్లి స్టేషన్ 1907లో. ఈ లోపల జోధ్‌పూర్ వైపు నుంచి థార్ ఎడారి మీదుగా సింధ్ హైదరాబాద్‌కి రైలు మార్గం కలిసింది. ఇంకేముంది, రాజస్థాన్‌లో ఒక గుమాస్తా ముందు నిలబడి ‘హైదరాబాద్‌కి ఒక టికెట్’ అంటే అతను పడమటికి కొట్టాలా, దక్షిణానికి కొట్టాలా? పార్సిళ్లకీ టెలిగ్రాములకీ ఇదే తలనొప్పి. అందుకే ఒకదానికి సింధ్, ఒకదానికి దక్కన్ తగిలించడం మొదలైంది. పాత ఉత్తరాల మీద, ఇక్కడ అచ్చయిన పుస్తకాల మీద ‘హైదరాబాదు-దక్కను’ అని ఉండేది ఇందుకే. ఆ అలవాటు చాలావరకు పోయి రైల్వేలో మిగిలిపోయింది. సింధ్ వైపు వెళ్లే ఆ ఎడారి లైను 1965 యుద్ధంతో ఆగిపోయింది. 2006లో మునాబావ్ మీదుగా థార్ ఎక్స్‌ప్రెస్ పేరుతో మళ్లీ మొదలై, 2019లో మళ్లీ బంద్ అయింది. కాబట్టి నాంపల్లికి ఆ తోక ఇప్పుడు ఎవరినీ దారి తప్పకుండా కాపాడటం లేదు. అయినా నా ఓటు దాన్ని ఉంచడానికే, స్పెల్లింగ్ ఒక్కటి సరిచేస్తే చాలు.

పేరు పొలిమేర దాటి నిజంగా అరువు వెళ్లిన సందర్భం తెలుసుకోవాలంటే గోల్కొండను చూడాలి. మన వజ్రాల ఖ్యాతి విని అమెరికా వాళ్లు ఇల్లినాయిలో ఒక ఊరికి, నెవాడాలో ఇంకో ఊరికి గోల్కొండ అని పెట్టుకున్నారు. అవి మనల్ని చూసి పెట్టుకున్నవే, సందేహం లేదు. సికింద్రాబాద్ మళ్లీ వేరు: మనది మూడో నిజాం సికందర్ జా పేరు, ఉత్తరప్రదేశ్ బులంద్‌శహర్ జిల్లాలో ఉన్నది సికందర్ లోడీ పేరు.

ఇక మనుషుల దగ్గరికి వస్తే గందరగోళం ఇంకా ఎక్కువ. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో కాంగ్రెస్ అధ్యక్షుడు ఆచార్య కృపలానీ 1888లో హైదరాబాద్‌లో పుట్టారు. సాధు వాస్వానీ హైదరాబాద్‌లో పుట్టారు. అద్వానీ పుట్టింది కరాచీలో అయినా కాలేజీ చదువు హైదరాబాద్‌లో. ఇలాంటివి ఎక్కడైనా ఒక్క వాక్యంలో కనబడగానే మనవాళ్లు ‘మన ఊరివాడే’ అని షేర్ చేసేస్తుంటారు. అందరిదీ సింధ్ హైదరాబాదే. ముంబయిలో ఒక యూనివర్సిటీ ఉంది, హెచ్‌ఎస్‌ఎన్‌సీ అని. ఆ మొదటి రెండక్షరాలు హైదరాబాద్, సింధ్. 1922లో అక్కడ పెట్టిన విద్యాసంస్థల బోర్డు, విభజన తర్వాత అంతా వదులుకుని వచ్చి, 1949లో బాంద్రాలో నేషనల్ కాలేజీతో మళ్లీ మొదలుపెట్టింది. ఊరు పోయినా ఊరి పేరు వదల్లేదు.

విభజనప్పుడు ఆ హైదరాబాద్ హిందువుల్లో ఎక్కువమంది ఇటు వచ్చేశారు. ఏడాది దాటాక 1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ జరిగాక ఈ హైదరాబాద్ నుంచి కొందరు అటు వెళ్లారు. వాళ్లలో చాలామంది ఆ ఊరికి కాదు, కరాచీకి చేరారు. కరాచీలో వాళ్లుండే పేటకు హైదరాబాద్ కాలనీ అనే పేరు, పచ్చళ్లకు ఆ పేట ప్రసిద్ధి. మజ్లిస్ నాయకుడు బహదూర్ యార్ జంగ్ పేరున బహదూరాబాద్ అనే ఇంకో పేట ఉంది, అక్కడి కూడలిలో ఏకంగా చిన్న చార్మినారే కట్టుకున్నారు.

ఇటు వచ్చినవాళ్లలో ఖాన్‌చంద్ రామ్‌నానీ ఒకరు. 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర బేకరీ పెట్టి, వదిలి వచ్చిన సీమ గుర్తుగా కరాచీ బేకరీ అన్నారు. దాని ఫ్రూట్ బిస్కెట్లు ఇవాళ అమెరికా వెళ్లే ప్రతి సూట్‌కేసులోనూ ఉంటాయి. అటు సింధ్ హైదరాబాద్‌లో అంతే పేరున్న బేకరీ పేరేమిటో తెలుసా, బాంబే బేకరీ. 1911లో థడానీ అనే సింధీ హిందూ కుటుంబం పెట్టింది, విభజన తర్వాత కూడా అక్కడే ఉండిపోయింది, కేకుల కోసం జనం క్యూ కడతారు. హైదరాబాద్‌లో కరాచీ బేకరీ, హైదరాబాద్‌లో బాంబే బేకరీ. ఇదేదో కావాలని కుదిర్చినట్టుంటుంది గానీ నిజం.

2019 ఫిబ్రవరిలో పుల్వామా దాడి తర్వాత బెంగళూరులో కరాచీ బేకరీ వాళ్లు గొడవకు భయపడి బోర్డు మీద కరాచీ అన్న మాటను కప్పేసుకోవాల్సి వచ్చింది. 2025 మేలో రెండు దేశాల మధ్య టెన్షన్ పెరిగినప్పుడు శంషాబాద్ బ్రాంచి మీదికీ కొందరు కర్రలతో వెళ్లి బోర్డు పగలగొట్టారు. ఆ ప్రాంతం నుంచి ఇల్లూ వాకిలీ వదిలి పారిపోయి వచ్చిన మనిషి పెట్టిన దుకాణం అది. ఈ పిచ్చికోపానికి దేశభక్తి అని పేరు పెట్టడం నాకు మింగుడుపడదు.

పోనీ రెండు ఊళ్లకూ పేరు తప్ప ఇంకేం పోలికే లేదా అంటే, గాజులున్నాయి. లాడ్ బజార్ లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. సింధ్ హైదరాబాద్‌లో గాజు గాజులు. విభజన తర్వాత ఫిరోజాబాద్ నుంచి వెళ్లిన పనివాళ్లతో ఆ పరిశ్రమ పెరిగింది, చూడీ పాడా అనే పేటలో ఇంటింటా ఆడవాళ్లు కూచుని గాజుల అంచులు దీపం సెగకు అతికిస్తుంటారు.

క్రికెట్ ఇంకోటి. 1987 ప్రపంచకప్‌ను రెండు దేశాలూ కలిసి నడిపాయి. మొదటి మ్యాచ్ అక్టోబరు 8న హైదరాబాద్‌లో, నియాజ్ స్టేడియంలో, పాకిస్తాన్ శ్రీలంక మీద గెలిచింది, మియాందాద్ సెంచరీ. రెండు రోజులకే అక్టోబరు 10న మళ్లీ హైదరాబాద్‌లోనే మ్యాచ్, ఈసారి మన లాల్ బహదూర్ స్టేడియంలో, జింబాబ్వే ఆటగాడు డేవ్ హౌటన్ ఒంటిచేత్తో 142 కొట్టినా న్యూజిలాండ్ 3 పరుగులతో బయటపడింది. వన్డేల్లో మొట్టమొదటి హ్యాట్రిక్ కూడా హైదరాబాద్‌లోనే, 1982లో ఆస్ట్రేలియా మీద జలాలుద్దీన్ తీశాడు, క్విజ్‌లో ఇది అడిగితే ఉప్పల్ అనో ఫతే మైదాన్ అనో చెప్పకండి, నియాజ్ స్టేడియం. క్రికెట్ స్కోరుకార్డుల వెబ్‌సైట్లలో ఇప్పటికీ ఒకదాని పక్కన సింధ్ అని, ఒకదాని పక్కన దక్కన్ అని రాస్తారు, రైల్వే తర్వాత ఆ పద్ధతి పాటించేది వాళ్లే.

వార్తలకు అలాంటి తోకలు ఉండవు. ‘హైదరాబాద్‌లో పేలుడు’, ‘హైదరాబాద్‌లో వరద’ అని ఇంగ్లిష్‌లో ఒక వీడియో వాట్సాప్‌లోకి వచ్చిందంటే ఫార్వర్డ్ చేసేముందు బోర్డులూ బండ్ల నంబర్లూ చూడండి. ఎక్కడా తెలుగు అక్షరం లేక, దుకాణాల మీద అంతా ఉర్దూ, సింధీ ఉంటే అది కోట్రీకి ఎదురుగట్టున ఉన్న ఊరు. జీవిత చరిత్రల్లో అయితే ఇంకా తేలిక, 1947కి ముందు ‘హైదరాబాద్‌లో పుట్టి’ అని ఉండి, ఇంటిపేరు చివర ‘ఆనీ’ వస్తే, నూటికి తొంభై పాళ్లు ఆయన మూసీ నీళ్లు తాగినవాడు కాదు.