తుపాను సరే, ఈ సాయంత్రం వాన సంగతేంటి?

తుపాను ఎక్కడ తీరం దాటుతుందో మూడు నాలుగు రోజుల ముందే చెప్పే వాతావరణ శాఖ, ఈ సాయంత్రం మా ఊళ్లో వాన పడుతుందో లేదో ఎందుకు చెప్పలేకపోతోంది? మే నెలలో చాలామంది అడిగేదే, అడగాల్సిందే. జవాబు మేఘం సైజులోనూ దాని ఆయుష్షులోనూ ఉంది.

2014 అక్టోబరులో హుద్‌హుద్ అండమాన్ సముద్రంలో అల్పపీడనంగా మొదలై, వాయుగుండమై, తుపానుగా బలపడి 12వ తేదీన విశాఖను తాకింది. వందల కిలోమీటర్ల వెడల్పున్న ఆ సుడి రోజుల తరబడి ఉపగ్రహాల కళ్లెదుటే కదిలింది. లక్ష మందికి పైగా జనాన్ని ముందే తరలించగలిగారు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెనకు వేలమందిని పోగొట్టుకున్న తీరానికి ఇది చిన్న మార్పు కాదు.

వేసవి మధ్యాహ్నం పుట్టే ఉరుముల మేఘం, అంటే క్యుములోనింబస్ సంగతి వేరు. నేల సెగకు పైకి లేచిన తడిగాలి చల్లబడి, అందులోని ఆవిరి నీటి బిందువులవుతుంది. అప్పుడు వెలువడే వేడి ఆ గాలిని ఇంకా పైకి ఎగదోస్తుంది. అలా పన్నెండు, పదిహేను కిలోమీటర్ల ఎత్తుకు పెరిగి, ఇక పైకి పోలేక కమ్మరి దాగలిలా పక్కలకు పరుచుకుంటుంది. లోపల మంచు రేణువులు, వడగళ్లు ఒకదానికొకటి తగిలి విద్యుదావేశం పోగవుతుంది. పిడుగు పుట్టేది అక్కడే. వాన మొదలవగానే చల్లగాలి కిందికి దూకి నేలమీద ఈదురుగాలై వీస్తుంది. మేఘానికి కింది నుంచి అందే వెచ్చని తడిగాలిని తెంచేసేది కూడా ఆ చల్లగాలే. ఒంటరి మేఘమైతే గంటా గంటన్నరలో దాని కథ ముగుస్తుంది.

వాతావరణాన్ని ముందే అంచనా కట్టే లెక్కలకు ఇదే చిక్కు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో అంబులెన్సు నడుపుతూనే బ్రిటిష్ శాస్త్రవేత్త లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ యూరప్ పటాన్ని గళ్లుగా విడగొట్టి, 1910 మే 20న ఆరు గంటల్లో వాతావరణం ఎలా మారి ఉండాలో చేత్తో లెక్కగట్టాడు. పీడనం 145 మిల్లీబార్లు పెరగాలని తేలింది. నిజానికి ఆ రోజు అది దాదాపు కదల్లేదు. అయినా ఆ తప్పును దాచకుండా 1922లో అచ్చు వేయించాడు, అందుకే ఆయనంటే నాకు గౌరవం. ఇవాళ్టి సూపర్ కంప్యూటర్లూ ఆ గళ్ల దారిలోనే నడుస్తున్నాయి. 2025లో మన దేశం ప్రారంభించిన వాతావరణ అంచనా వ్యవస్థ భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో ఒక్కో గడి 6 కిలోమీటర్లు. క్యుములోనింబస్ ఒకటి రెండు గళ్లలోనే ఇమిడిపోతుంది కాబట్టి దాని లోపలి గాలి కదలికలు లెక్కకు సరిగా అందవు.

అందుకే పొద్దున్నే వచ్చే వార్తలో ‘అక్కడక్కడా ఉరుములతో కూడిన వర్షాలు’ అనే మాటే ఉంటుంది. కచ్చితంగా ఎక్కడన్నది మేఘం పుట్టాక, మేఘంలోని వాననూ దాని కదలికనూ పసిగట్టే డాప్లర్ రాడార్‌కు చిక్కాకే తెలుస్తుంది. అప్పుడు వచ్చే మూడు గంటలకు నౌకాస్ట్, అంటే అప్పటికప్పటి అంచనా ఇస్తారు. పిడుగుల హెచ్చరికకు పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారుచేసిన దామిని యాప్ ఉంది. పొలంలో ఉండగా మబ్బు కమ్మితే ఫోన్లో అది చూసి, చెట్టు కిందికి కాకుండా పక్కా ఇంట్లోకి చేరాలి.