బొట్టు కోణాన్ని నిర్ణయించేది అడుగా, అంచా?

2007లో 'లాంగ్‌మ్యూర్' పత్రికలో వచ్చిన ఒక చిన్న వ్యాసం ఉపరితల శాస్త్రంలో పెద్ద దుమారమే రేపింది. వెంజెల్, క్యాసీ ఎలా పొరబడ్డారన్నదే దాని శీర్షిక. రాసినవాళ్లు మసాచుసెట్స్ విశ్వవిద్యాలయానికి చెందిన గావో, మెకార్తీ. గరుకు తలాల మీద నీరు ఎలా నిలుస్తుందో చెప్పడానికి దశాబ్దాలుగా అందరూ వాడుతున్న ఆ ఇద్దరి సూత్రాలనే వాళ్లు తప్పుపట్టారు.

నీటిబొట్టు అంచు దగ్గర ఏర్పడే కోణాన్ని స్పర్శకోణం అంటారు. అది ఎంత పెద్దదైతే బొట్టు అంత గుండ్రంగా నిలుస్తుంది, తలం అంత తక్కువగా తడుస్తుంది. నీరు, గాలి, ఘనపదార్థం కలిసే ఆ గీత దగ్గర మూడు తలతన్యతలు (తలాలు అంచును తమవైపు లాగే బలాలు) సరితూగిన చోట కోణం నిలుస్తుందని 1805లో థామస్ యంగ్ చెప్పాడు. ఒక్క సమీకరణం కూడా రాయకుండా మొత్తం మాటల్లోనే వివరించాడు. కానీ ఆ లెక్క నున్నగా, అంతటా ఒకేలా ఉండే తలానికే చెల్లుతుంది. అలాంటి తలం దొరకడమే కష్టం.

1936లో వెంజెల్ గరుకుదనాన్ని లెక్కలోకి తెచ్చాడు. గరుకు తలానికి పైకి కనిపించే దానికంటే అసలు విస్తీర్ణం ఎక్కువ. అందుకే తడిసే గుణం ఉన్నది ఇంకా బాగా తడుస్తుంది, తడవనిది ఇంకా తడవకుండా ఉంటుంది. 1944లో క్యాసీ, బాక్స్‌టర్ మరో మెట్టు ఎక్కారు. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉన్ని పరిశ్రమ పరిశోధన సంస్థలో పనిచేసిన వాళ్లకు కావలసింది వానకు తడవని బట్ట. బాతు ఈకలను కూడా పరిశీలించారు. ఈక పోగుల మధ్య గాలి చిక్కుకుంటే బొట్టు కొంత పోగుల మీద, కొంత గాలి మీద నిలుస్తుంది. రెండింటి వాటాలను బట్టి సగటు కడితే కోణం వచ్చేస్తుందన్నారు.

ఈ సూత్రాలకు అసలు గిరాకీ 1997 తర్వాత పెరిగింది. తామరాకు మీద మిల్లీమీటరులో నూరో వంతు ఉండే బుడిపెలు, వాటి మీద అంతకంటే ఎంతో సన్నని మైనపు గొట్టాలు ఉంటాయని, ఆకు శుభ్రంగా ఉండటానికి ఈ నిర్మాణమే కారణమని జర్మనీలోని బాన్‌లో బార్త్‌లాట్, నైన్‌హుయిస్ ఆ ఏడాది చూపించారు. నున్నటి మైనం మీద నీటి కోణం సుమారు 110 డిగ్రీలు. తామరాకు మీద 160 దాకా పోతుంది. ఇక ప్రయోగశాలలన్నీ సిలికాన్ మీద సన్నని స్తంభాలు చెక్కి, క్యాసీ సూత్రంతో సరిపోల్చడం మొదలుపెట్టాయి.

గావో, మెకార్తీ చేసిన ప్రయోగం చాలా సులువైనది. నీరు అంటని తలం మధ్యలో నీరు అంటుకునే చిన్న మచ్చ పెట్టారు. దాన్ని పూర్తిగా కప్పేసేలా బొట్టు వేశారు. సగటు ప్రకారం కోణం తగ్గాలి. తగ్గలేదు! అడుగున మచ్చ లేనట్టే ఉంది. నున్నటి తలంలో గరుకు మచ్చ, గరుకు తలంలో నున్నటి మచ్చ పెట్టి చూసినా అంతే. అంటే కోణం తేలేది అంచు దగ్గరే. ఇదే సంగతిని 1945లో పీజ్, 2003లో ఎక్స్‌ట్రాండ్ చెప్పినా ఎక్కువమంది చెవికెక్కించుకోలేదు.

జవాబులు వెంటనే వచ్చాయి. విస్తీర్ణాన్ని బొట్టు అడుగంతా కాకుండా అంచు కదిలే చోట లెక్కగడితే పాత సూత్రం నిలుస్తుందని మెక్‌హేల్ విడిగా, పంచాగ్నుల, వేదాంతం కలిసి వాదించారు. నా దృష్టిలో ఇది న్యాయమైన వాదన. అయినా గావో, మెకార్తీ చేసిన మేలు పెద్దది. అందరి దృష్టినీ అంచు మీదికి మళ్లించారు.

వాన పడ్డ కిటికీ అద్దం చూడండి. బొట్టు కింది అంచు ఉబ్బి నిటారుగా ఉంటుంది, పై అంచు పలచగా సాగి ఉంటుంది. ఈ రెండు కోణాల తేడాయే బొట్టును జారకుండా పట్టి ఉంచుతుంది. గులాబీ రేకు మీద కూడా కోణం 150 డిగ్రీలు దాటుతుంది, కానీ రేకును తిరగేసినా బొట్టు రాలదని 2008లో చైనా పరిశోధకులు చూపారు. తామరాకు మీదైతే కొద్దిగా వంచితే చాలు, దొర్లిపోతుంది. కాబట్టి 'నీరు అంటదు' అనే ఏ పూతకైనా అంచు ముందుకు జరిగేటప్పుడు కోణమెంత, వెనక్కి తగ్గేటప్పుడు ఎంత అన్న రెండు అంకెలూ అడగాలి. 150 అన్న ఒక్క అంకె చూసి కొనకూడదు.