వేరుశనగ రోజెట్ వెనుక: అరువు తొడుగుల చరిత్ర

సహారా ఎడారికి దిగువనున్న ఆఫ్రికా దేశాల్లో వేరుశనగ రైతును వందేళ్లకు పైగా వేధిస్తున్న రోజెట్ అనే వైరస్ తెగులును 1907లో, ఇప్పటి టాంజానియాలో, మొదటిసారి నమోదు చేశారు. తెగులు సోకిన మొక్కలో కణుపుల మధ్య దూరం తగ్గిపోయి, ఆకులు పసుపుబారి, మొక్క మొత్తం గుబురుగా గిడసబారుతుంది. లేత దశలోనే సోకితే కాయలు దాదాపు పట్టవు. 1975లో ఉత్తర నైజీరియాలో సుమారు 7 లక్షల హెక్టార్ల పంట దీనివల్లే నాశనమైంది. పేనుబంక దీన్ని మోస్తుందని 1928లోనే స్టోరీ, బాటమ్లీ తేల్చారు. అయినా ఒక చిక్కు మిగిలింది. తెగులు మొక్క రసాన్ని రుద్ది ఎక్కించిన మొక్కలు రోజెట్ లక్షణాలు చూపేవి గాని, వాటి రసం పీల్చిన పేనుబంక ఆ తెగులును మరో మొక్కకు చేర్చలేకపోయేది.

ఈ చిక్కును విప్పే ఊహ వేరుశనగ చేలకు చాలా దూరంలో, బ్యాక్టీరియాకు సోకే ఫేజ్ వైరస్‌ల మీద జరిగిన ప్రయోగాల్లో రూపుదిద్దుకుంది. 1951లో ఆరన్ నోవిక్, లియో సిలార్డ్ (అణు గొలుసు చర్యను ముందుగా ఊహించిన భౌతిక శాస్త్రవేత్త ఈయనే) టీ2, టీ4 అనే రెండు దగ్గరి బంధువులైన ఫేజ్‌లను ఒకే బ్యాక్టీరియా కణంలోకి ఎక్కించి, పుట్టిన సంతతిని టీ2కు లొంగని బ్యాక్టీరియాపై వదిలారు. లోపలికి చొరబడిన వాటిలో కొన్నింటి పిల్లలు అచ్చమైన టీ2లుగా తేలాయి. తల్లి ఏ బ్యాక్టీరియాలోకి దూరిందో, పిల్లలు అందులోకే దూరలేకపోయాయి. రెండు వైరస్‌ల ప్రొటీన్లూ ఒకే కణంలో కలగలిసి తయారవుతున్నప్పుడు, టీ2 జన్యువులు టీ4 తొడుగులో (జన్యువులను కప్పి, ఏ కణంలోకి దూరగలదో నిర్ణయించే ప్రొటీన్ పొరలో) కూడా సర్దుకుంటాయన్నదే దీనికి కుదిరే వివరణ. దీన్నే ఫీనోటైపిక్ మిక్సింగ్ అంటారు. జన్యువులే ముక్కలై కలిసే రీకాంబినేషన్‌తో దీన్ని కలపకూడదు, ఎందుకంటే ఇక్కడ మార్పు ఒక్క తరంతోనే ముగిసిపోతుంది.

తొడుగు అదనంగా దొరకడం ఒకటి, అది లేనిదే బతకలేకపోవడం మరొకటి. రెండోదానికి తొలినాటి స్పష్టమైన ఉదాహరణ కోళ్లలో కణితి పుట్టించే రౌస్ సార్కోమా వైరస్. దాని బ్రయాన్ రకం ఒంటరిగా సోకితే కణాన్ని కణితి కణంగా మారుస్తుంది గాని, ఇతర కణాలకు సోకగల వైరస్‌ను బయటికి పంపలేదని, సాయపడే బంధు వైరస్ తోడైతేనే పంపగలదని 1963లో హనఫూసా దంపతులు, హ్యారీ రూబిన్ చూపారు. పైతొడుగు ప్రొటీన్ జన్యువు ఆ రకంలో లోపించిందని తర్వాత తేలింది. ఒక వైరస్ లోటును మరొకటి ఇలా పూడ్చడమే కాంప్లిమెంటేషన్.

పంటల విషయంలో ఈ ఆలోచనకు గట్టి రుజువు 1970లో అమెరికాలో మొక్కల వైరస్‌ల పరిశోధకుడు రోఖో చూపించారు. బార్లీ, ఓట్స్ వంటి ధాన్యపు పైర్లను గిడసబార్చే బార్లీ ఎల్లో డ్వార్ఫ్ వైరస్‌లోని ఎమ్‌ఏవీ రకాన్ని సాధారణంగా మోయలేని ఒక పేనుబంక జాతి, ఆర్‌పీవీ రకం కూడా సోకిన ఓట్స్ మొక్క నుంచి రెండింటినీ మోసుకెళ్లింది. ఆ మొక్క రసానికి ఎమ్‌ఏవీ యాంటీసీరమ్ (ఎమ్‌ఏవీ తొడుగుకు అంటుకుని దాన్ని పనిచేయనీయని ప్రతిరక్షకాలున్న ద్రవం) కలిపినా ఎమ్‌ఏవీ వ్యాప్తి ఆగలేదు. ఆర్‌పీవీ యాంటీసీరమ్ కలిపితే ఆగింది. లోపలి జన్యువు ఒకరిది, తొడుగు మరొకరిది అన్న మాటకు ఇంతకంటే సూటి రుజువు ఉండదు.

రోజెట్‌లో బంధుత్వం లేని వైరస్‌ల మధ్య కూడా ఇదే ఏర్పాటు ఉంది. అసలు తెగులు వైరస్‌కు సొంత తొడుగు ప్రొటీన్ జన్యువే లేదు. అసిస్టర్ వైరస్ అనే రెండోది ఆ తొడుగునిస్తుంది, కానీ ఒంటరిగా ఉన్నప్పుడు దాదాపు ఏ లక్షణమూ చూపదు. దీనికి తోడు, లక్షణాలకు ప్రధాన కారణం మూడోదైన ఒక శాటిలైట్ ఆర్‌ఎన్‌ఏ (వేరే వైరస్‌పై ఆధారపడి మాత్రమే పెరిగే చిన్న జన్యు ముక్క) అని 1988లో మ్యూరాంట్ బృందం నిర్ధారించింది. రసం రుద్దినప్పుడు అసిస్టర్ వైరస్ ఎక్కదు, కాబట్టి పేనుబంకకు పనికొచ్చే తొడుగూ దొరకదు. పాత చిక్కు విడింది ఇక్కడే.

ఈ అవగాహన వల్ల రైతుకు దక్కిన ప్రతిఫలం మాత్రం సంపూర్ణం కాదు. పశ్చిమ ఆఫ్రికా నాటు రకాల్లో దొరికిన నిరోధకత అసలు తెగులు వైరస్‌పైనే పనిచేస్తుంది. అసిస్టర్ వైరస్ ఆ మొక్కల్లోనూ సోకుతూనే ఉంటుంది. అందుకే పటాన్‌చెరు కేంద్రంగా ఉన్న ఇక్రిశాట్ సంస్థ వైరస్‌కు బదులు పేనుబంకనే నిలువరించే రకాల కోసం వెతికింది. అలా ఎంపికై మలావీలో విడుదలైన ఐసీజీ 12991 దక్షిణ భారతదేశంలో సేకరించిన నాటు వేరుశనగ. రోజెట్ తెగులు మాత్రం ఇప్పటికీ ఆఫ్రికాకే పరిమితం.