పోస్టర్ మీద కోట్లు, సెన్సార్ టాక్, 2.75 రేటింగ్: సినిమా డెస్క్ నుంచి అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో సినిమా వార్తల సైట్‌లో పని చేస్తున్నానని తెలియగానే చుట్టాలైనా, ఆటో అన్న అయినా అడిగేది ఒకటే: "ఆ కలెక్షన్లు నిజమేనా?" ముందు దాని సంగతే చూద్దాం.

అపోహ: పోస్టర్ మీద వంద కోట్లంటే నిర్మాతకు వంద కోట్లు వచ్చినట్టే.

వాస్తవం: పోస్టర్ మీద వేసేది గ్రాస్, అంటే టికెట్లకు జనం కట్టిన మొత్తం. మన మల్టీప్లెక్స్‌లో 295 రూపాయల టికెట్ తీసుకోండి. అందులో 45 జీఎస్టీ. మిగిలిన 250 నెట్. ఆ నెట్‌లో తొలివారం దాదాపు సగం మల్టీప్లెక్స్‌దే, వారాలు గడిచేకొద్దీ ఆ వాటా ఇంకా పెరుగుతుంది. సింగిల్ స్క్రీన్లలో ఎక్కువగా అద్దె పద్ధతి, అంటే సినిమా ఆడించినందుకు థియేటర్‌కు డిస్ట్రిబ్యూటర్ కట్టే అద్దె. అద్దెలు గిట్టుబాటు కావట్లేదు, వసూళ్లలో పర్సంటేజీ ఇవ్వకపోతే జూన్ 1 నుంచి థియేటర్లు మూసేస్తామని 2025 మేలో ఎగ్జిబిటర్లు పట్టుబట్టింది దీని గురించే.

పన్నూ, థియేటర్ ఖర్చూ పోగా మిగిలేది షేర్. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర అంటూ ఏరియాలవారీగా సినిమా కొన్న బయ్యర్‌కు, అంటే డిస్ట్రిబ్యూటర్‌కు, ఒడ్డున పడాలంటే కొన్న రేటంత షేర్ రావాలి. కాబట్టి "వంద కోట్ల గ్రాస్", "బయ్యర్లకు నష్టం" అనే రెండు వార్తలూ ఒకే రోజు కనిపిస్తే ఒకటి అబద్ధమని తేల్చేయకండి. రెండూ నిజం కావచ్చు.

షేర్‌లోనూ కిటుకులున్నాయి. తొలిరోజు లెక్క కింద "హైర్లతో కలిపి" అని ఎక్కడో చిన్నగా ఉంటుంది. హైర్ అంటే థియేటర్ వాళ్లు ముందే గంపగుత్తగా కట్టిన సొమ్ము. హాల్లో జనం ఉన్నా లేకపోయినా అది బయ్యర్‌కు చేరుతుంది. దాన్ని తొలిరోజు ఖాతాలో వేస్తే రికార్డు బద్దలవుతుంది, రెండోరోజు అంకె చప్పబడుతుంది. అసలు లెక్క థియేటర్ నుంచి డిస్ట్రిబ్యూటర్ ఆఫీసుకు రోజూ వెళ్లే డీసీఆర్‌లో, అంటే డైలీ కలెక్షన్ రిపోర్ట్‌లో ఉంటుంది. అది మామూలుగా బయటికి రాదు. అమెరికాలో కామ్‌స్కోర్ అనే సంస్థ థియేటర్ల నుంచే లెక్కలు తీసుకుంటుంది కాబట్టి, నా వరకు రూపాయల అంకె కంటే డాలర్ల అంకెకే విలువ ఎక్కువ.

అపోహ: సెన్సార్ వాళ్లు సినిమా చూసి మెచ్చుకున్నారట.

వాస్తవం: సెన్సార్ బోర్డు పని సర్టిఫికెట్ ఇవ్వడం, అవసరమైతే కట్స్ చెప్పడం. యూ, ఏ, లేదంటే 2023 చట్ట సవరణతో వచ్చిన యూఏ 7+, 13+, 16+. సినిమా బాగుందో లేదో చెప్పే గడి ఆ కాగితంలో లేదు. "సెన్సార్ టాక్ అదిరింది" అన్న వాక్యం పీఆర్ టీమ్ వాట్సాప్ గ్రూపులో పుడుతుంది.

అపోహ: రివ్యూలన్నీ డబ్బులకు రాసేవే.

వాస్తవం: డబ్బులు చేతులు మారవని నేను అనను. కానీ ఒత్తిడి ఎక్కువగా వచ్చేది యాడ్స్ దారిలో. రివ్యూ పక్కనే అదే సినిమా బ్యానర్ వెలుగుతుంటుంది. ఘాటుగా రాస్తే తర్వాతి సినిమాకు హీరో ఇంటర్వ్యూల లిస్టులో మన పేరు ఉండదు. అందుకే పుట్టింది ఐదుకు 2.75 రేటింగ్. బాగుందనడానికి రాసేవాడికి మనసొప్పదు, బాలేదనడానికి యాడ్స్ విభాగం ఒప్పుకోదు. ఇక ఇక్కడ మొదటి ఆట పడకముందే రివ్యూ వచ్చిందని అనుమానపడకండి. అమెరికాలో గురువారం సాయంత్రం ప్రీమియర్ అంటే మనకు శుక్రవారం తెల్లవారుజాము.

యూట్యూబ్‌లో ట్రైలర్ వ్యూస్ గురించి ఒక్క మాట: వేరే వీడియో ముందు యాడ్‌గా వచ్చినప్పుడు మీరు 30 సెకన్లు స్కిప్ కొట్టకుండా ఉన్నా అది వ్యూ కిందికే వస్తుంది.

అపోహ: "ఫిల్మ్‌నగర్ టాక్" అంటే మేం కుర్చీలో కూర్చుని అల్లింది.

వాస్తవం: అల్లేవాళ్లూ ఉన్నారు. అయితే చాలాసార్లు లీకు ఇచ్చేది ఆ సినిమా టీమే. ఫలానా హీరోయిన్ అంటే ఫ్యాన్స్ ఏమంటారో చూడ్డానికి పేరు వదులుతారు. తిట్లు పడితే సాయంత్రానికి అదే టీమ్ నుంచి "ఆ వార్తలు నిరాధారం" అని ప్రెస్ నోట్ వస్తుంది. పొద్దున వార్తా వేస్తాం, సాయంత్రం ఖండనా వేస్తాం. క్లిక్కులు ఖండనకే ఎక్కువ.