క్రిముల కోసం పెట్టిన కాపలా, గుల్లల్లో చేరిన లోహాలు

ఆల్చిప్పలు కొనేటప్పుడు అనుభవం ఉన్నవారు చేసే పరీక్ష ఒకటుంది. కాస్త నోరు తెరిచిన చిప్పను వేలితో తట్టి చూస్తారు. అది వెంటనే మూసుకుంటే ప్రాణంతో ఉన్నట్టు లెక్క. తాజాదనం తెలుసుకోవడానికి ఈ పరీక్ష చాలు గానీ, ఆ మాంసంలో కాడ్మియం, సీసం, పాదరసం ఎంత పేరుకున్నాయో దీనివల్ల తెలియదు. వాసనా రుచీ పట్టివ్వవు, ఉడికించినా ఆ లోహాలు నశించవు.

ఆల్చిప్పల వంటి గుల్లల భద్రతకు ఏర్పడిన పద్ధతులు మొదట క్రిములను ఎదుర్కోవడానికి పుట్టాయి. 1924–25 శీతాకాలంలో న్యూయార్క్, షికాగో, వాషింగ్టన్ నగరాల్లో మురుగునీరు సోకిన ఆల్చిప్పలు తిని సుమారు 1,500 మంది టైఫాయిడ్ బారిన పడ్డారు, దాదాపు 150 మంది చనిపోయారు. ఆ విషాదం తరువాతనే 1925లో అమెరికాలో గుల్లల పారిశుద్ధ్యానికి జాతీయ కార్యక్రమం మొదలైంది. గుల్లలను శుభ్రమైన నీటి తొట్లలో రెండు రోజుల పాటు ఉంచితే లోపలి బ్యాక్టీరియాను చాలావరకు అవే వదిలేస్తాయి. లోహాలు అలా వదలవు. గంటకు లీటర్ల కొద్దీ నీటిని వడకట్టుకుంటూ బతికే ఈ ప్రాణుల శరీరంలో ప్రత్యేకమైన ప్రోటీన్లు కాడ్మియం వంటి లోహాలను పట్టి ఉంచుతాయి గనుక, అవి బయటికి పోవడానికి వారాలూ నెలలూ పడుతుంది.

ఈ ప్రమాదాన్ని ప్రపంచానికి చూపించింది జపాన్‌లోని మినమాటా. అక్కడి చిస్సో రసాయన కర్మాగారం 1932 నుంచి పాదరసం కలిసిన వ్యర్థాలను ఖాతంలోకి వదిలింది. మనుషుల కంటే ముందు పిల్లులు తూలిపడి, మూర్ఛలొచ్చి చచ్చిపోయాయి. 1956 మేలో ఇద్దరు చిన్నారి అక్కాచెల్లెళ్ల జబ్బుతో వ్యాధి అధికారికంగా నమోదైంది. ఆ ఖాతంలోని చేపలూ గుల్లలే ఆ కుటుంబాల రోజువారీ ఆహారం. 1959లోనే పరిశోధకులు సేంద్రియ పాదరసాన్ని (కార్బన్‌తో కలిసిన పాదరసాన్ని) కారణంగా చూపినా, ప్రభుత్వం ఆ మాట ఒప్పుకోవడానికి 1968 వరకు పట్టింది. ఆ తొమ్మిదేళ్ల జాప్యాన్ని క్షమించడం కష్టం.

1986లో తైవాన్ తీరంలో రాగి పేరుకుని ఆల్చిప్పలు ఆకుపచ్చగా మారాయి. పాత లోహ వస్తువులను కరిగించే పనుల వ్యర్థాలు ఎర్జెన్ నది గుండా సముద్రంలో కలవడమే దానికి కారణం. రాగి కాబట్టి రంగైనా కనబడింది. కాడ్మియానికి ఆ సూచనా లేదు. మనిషి మూత్రపిండాల్లో చేరిన కాడ్మియంలో సగం తగ్గడానికే పది నుంచి ముప్పై ఏళ్లు పడుతుంది.

గుల్లలను సముద్ర కాలుష్యానికి కొలమానంగా వాడుకోవాలని 1975లో శాస్త్రవేత్త ఎడ్వర్డ్ గోల్డ్‌బర్గ్ ప్రతిపాదించగా, 1986 నుంచి అమెరికా తన తీరమంతటా ఆ పని చేపట్టింది. కాడ్మియానికి ఐరోపా సమాఖ్య కిలోకు 1 మిల్లీగ్రాము, అంతర్జాతీయ ఆహార ప్రమాణాలను నిర్ణయించే కోడెక్స్ సంస్థ 2 మిల్లీగ్రాముల పరిమితి విధించాయి. అయితే కోడెక్స్ పరిమితి నుంచి ఆల్చిప్పలకు, స్కాలప్‌లనే మరో రకం గుల్లలకు మినహాయింపు ఉంది. పైగా, ఏ పరిమితైనా పనిచేయాలంటే గుల్లను ఏ నీటిలోంచి తీశారో తెలియాలి. స్థానిక మార్కెట్‌లో రెండు మూడు చోట్ల పట్టిన సరుకు ఒకే బుట్టలో కలిసిపోయినప్పుడు, ఆ వివరం అమ్మేవారికే తెలియకుండా పోతుంది.