ఓడలు కనబడని పిల్ల

మా అక్క కూతురికి ఎనిమిదేళ్ళు. మొన్న వేసవిలో ఒక సాయంత్రం ఆర్కే బీచ్ గోడ మీద కూర్చుని, హార్బర్‌లోకి వెళ్ళడానికి వంతు కోసం ఆగి ఉన్న ఓడలు లెక్కపెడుతున్నాం. నాకు ఆరు కనబడ్డాయి. "ఎక్కడున్నాయి పిన్నీ?" అంది. వేలు పెట్టి చూపిస్తే కళ్ళు చికిలించి చూసి, "ఆ మరకలా?" అంది.

అప్పటిదాకా ఆ పిల్ల ఏదీ కనబడటం లేదని ఒక్కసారి కూడా అనలేదు. బోర్డు మీద ఉన్నది పక్కమ్మాయి నోట్‌బుక్కు చూసి రాసుకుంటోందని, దూరం నుంచి వచ్చే టీచర్ని చీర రంగు, నడక బట్టి పోల్చుకుంటోందని తర్వాత అడిగితే తెలిసింది. కావాలని దాచలేదు పాపం. సైట్ ఉన్నట్టుండి రాదు, నెలల తరబడి కొంచెం కొంచెంగా వస్తుంది, దూరంగా ఉన్నవి అందరికీ అలాగే కనబడతాయనుకుంటారు పిల్లలు. పైగా మెదడు కూడా మసకకి అలవాటు పడుతుంది. కాసేపు మసకలో గడిపాక, పవర్ ఏమీ మారకపోయినా అక్షరాలు ఇంకాస్త బాగా పోల్చుకోగలగడం ప్రయోగాల్లో చూశారు.

ఇక కన్ను సంగతి. పుట్టినప్పుడు కనుగుడ్డు పొడవు దాదాపు 17 మిల్లీమీటర్లు, పెద్దయ్యేసరికి 23, 24 అవుతుంది. ఆ పెరుగుదల అవసరానికి మించి ఒక్క మిల్లీమీటరు సాగినా రెండున్నర దాకా మైనస్ పవర్ వచ్చేస్తుంది. మైనస్ 2 ఉన్న పిల్లకి అర మీటరు దాటిన ప్రతిదీ మసకే, పుస్తకం మాత్రం చక్కగా కనబడుతుంది, అందుకే ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. చిన్న వయసులో మొదలైతే పెరగడానికి అన్ని ఏళ్ళు మిగిలి ఉంటాయి కాబట్టి పవర్ ఎక్కువ దాకా వెళ్తుంది. అద్దాలు పెడితే సైట్ పెరుగుతుందన్నది అపోహ. పవర్ తగ్గించి అద్దాలు ఇప్పించినా అది ఆగదు. ఆరుబయట వెలుతురు మాత్రం పనిచేస్తుంది. చైనాలోని గ్వాంగ్‌జౌ స్కూళ్ళలో రోజుకి 40 నిమిషాలు అదనంగా బయట గడిపించి చూశారు, 2015లో ఫలితాలు వచ్చాయి: మూడేళ్ళలో సైట్ వచ్చిన పిల్లలు మిగతా స్కూళ్ళలో నూటికి 40 మంది దాకా ఉంటే, వీళ్ళలో 30 మంది. మన పిల్లలేమో స్కూలు నుంచి నేరుగా ట్యూషన్‌కి వెళ్తున్నారు, ఇంత సముద్రం పక్కనే పెట్టుకుని.

మా అక్క కూతురు అద్దాలు పెట్టుకున్న రోజే ఓడల మీద క్రేన్లు కూడా లెక్కపెట్టింది. అంత సులువుగా ఎందుకయిందంటే, సైట్ వచ్చేలోపే దాని మెదడు చూడటం నేర్చేసుకుంది. చూపు కంటితో అయిపోయే పని కాదు, కన్ను పంపిన బొమ్మని మెదడు చదవాలి, ఆ చదువుకి ఒక వయసుంది. హ్యూబెల్, వీజల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1960లలో పిల్లికూనల ఒక కంటిరెప్పని కొన్ని వారాలు మూసి ఉంచి తెరిస్తే, కన్ను బాగానే ఉన్నా మెదడు దాని మాట వినడం మానేసింది. పెద్ద పిల్లులకి అలా జరగలేదు. 1981లో వాళ్ళకి నోబెల్ వచ్చింది. మన పిల్లల్లో ఈ గడువు ముఖ్యంగా ఏడెనిమిదేళ్ళ దాకా. కొన్ని నైపుణ్యాలు ఇంకా ఆలస్యం: విడిగా చూపిస్తే ఠక్కున చెప్పే అక్షరాన్ని చుట్టూ వేరే అక్షరాలు ఇరికిస్తే చిన్నపిల్లలు పోల్చుకోలేరు, సైట్ ఏమీ లేకపోయినా సరే.

ఇదంతా నాకు ఇంత పట్టడానికి కారణం ఆ పిల్ల తమ్ముడు. వాడికి నాలుగేళ్ళు. అక్కతో పాటు వాణ్ణీ చూపిద్దామని తీసుకెళ్ళాం, అక్షరాలు రావు కాబట్టి బొమ్మల చార్టు పెట్టారు. ఎడమ కన్ను మూస్తే అన్నీ చెప్పాడు. కుడి కన్ను మూయగానే డాక్టరు చెయ్యి తోసేసి ఏడుపు లంకించుకున్నాడు. ఎడమ కంటికి మైనస్ 5 ఉంది. కుడి కంటికి ఏమీ లేదు కనుక రోజంతా ఆ ఒక్క కంటితోనే నడిపించేస్తున్నాడు, మేమెవరం కనిపెట్టలేదు. అద్దాలు పెట్టినా అక్కలా వెంటనే కనబడలేదు వాడికి, ఎందుకంటే ఆ కంటితో చూడటం మెదడు ఇంకా నేర్చుకోనేలేదు. దీన్నే లేజీ ఐ అంటారు.

ఇప్పుడు రోజుకి రెండు గంటలు బాగున్న కంటికి ప్యాచ్ అంటించి, ఎడమ కంటితో రంగులు వేయిస్తున్నాం. మొదటివారం గీతల బయటే వేశాడు, ప్యాచ్ పీకేశాడు. నిన్న చేప బొమ్మకి తోక దాకా గీత దాటకుండా నీలం వేశాడు. కన్ను వేయడం మర్చిపోతే అక్క గుర్తుచేసింది.